నిండుకున్న పుట

దినం 34,118

ఈ చిట్టాని ఇకమీదట రెండు గుహల్నీ నడిపే సంఘంవాళ్ళు కూడా చదువుతారట. వాళ్ళకి అర్థమయ్యేలా రాయమని పడమటి గుహ నుంచి కాగితం వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కడంటే ఒక్కడు తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి కాబోలు. సరే, రాస్తాను. చదివి ఏం ఉద్ధరిస్తారో నేనూ చూస్తాను.

నా పేరు సన్యాసమ్మ. తూర్పు గుహలో యంత్రాలకి పరీక్షలు పెడతాను. మా దగ్గర మూడు జాతుల యంత్రాలున్నాయి. ఈ మంచు కిందకి దిగిన కొత్తలో మా తాతలు చేత్తో కట్టుకున్నది నాటు. రెండో ఓడలో పడమటివాళ్ళతో పాటు వచ్చింది సీమ. గాలి మరలు తిప్పడానికి పెట్టెలకి పెట్టెలు దించిన చిన్నవి ఫారం. కోళ్ళ పేర్లు ఎవరు పెట్టారో గాని ఈ గుహల్లో కోడిని చూసినవాడు లేడు. మూడింటికీ లోపలి కట్టడం వేరు. యంత్రానికి ఆజ్ఞలు చెప్పే ఒకే రాత మూడింటిమీదా ఒకేలా నడుస్తోందా లేదా అని చూడటం నా పని. నడవదు. నడిచి ఉంటే నాకు కూడు పుట్టేది కాదు.

యంత్రం తన జ్ఞాపకాన్ని పుటలుగా కోసుకుంటుంది. ఏ పుటలో ఎవరున్నారో, ఏది కొత్తవాళ్ళకి ఇవ్వొచ్చో చెప్పే జాబితాని పుటల పట్టిక అంటాం. చిల్లర లెక్కలకి చిన్న పుటలు చాలు. చలినిద్రలో ఉన్న అరవై మూడు మందిలో ఒక్కొక్కరికి ఒక పెద్ద పుట ఉంది. ఏ గంటకి ఎంత వేడి, ఎంత ఊపిరి, ఎన్ని చుక్కల మందు, అంతా అందులోనే. పుట చెడితే పడక మీద మనిషి పోతాడు. ఈ వాక్యం మాత్రం సంఘంవాళ్ళు రెండుసార్లు చదవాలి.

ఆ అరవై మూడు మందిలో మా చెల్లెలు నూకరత్నం ఒకతె. ఊపిరితిత్తుల్లో బూజు పట్టింది, నిద్రపుచ్చి ఆరేళ్ళయింది. మందు తయారైన రోజున లేపుతారు. అది లేస్తే ముందు నన్ను తిడుతుంది, తన దుప్పటి నేను వాడుకుంటున్నందుకు. నాకు ఇంకెవరూ మిగల్లేదు. దాని తిట్టు వినాలనే బతుకుతున్నాను అంటే నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

వాళ్ళందరినీ మోస్తున్న నాటు యంత్రం ముసలిదైపోయింది. వారానికో పలక చచ్చిపోతోంది. ఇరవై రోజులకి మించి మొయ్యలేదు. ఈలోగా అందరినీ సీమ మీదకి మార్చాలి, మార్చేముందు పుటల పట్టిక పరీక్ష నెగ్గాలి. ఇవాళ్టి ఫలితం: నాటు నెగ్గింది. ఫారం నెగ్గింది. సీమ, చిన్న పుటల దగ్గర నెగ్గింది, పెద్ద పుటల దగ్గర తప్పింది.

దినం 34,120

పొద్దున్నే గోకుడు డ్యూటీ నాదే. యంత్రాల గది పైకప్పుకి పట్టిన మంచు రెండు గంటలు గోకితే గాని యంత్రం మూత తెరవడానికి వీల్లేదు, కరిగి లోపల కారుతుంది. మెడ పట్టేసింది. ఆ మెడతోనే కూర్చుని పరీక్ష నాలుగు వేలసార్లు నడిపాను. సీమ నాలుగు వేలసార్లూ తప్పింది. ఒక్కోసారి తప్పే రోగమైతే కనిపెట్టడం కష్టం. ప్రతిసారీ తప్పేదాన్ని గుడ్డివాడైనా పట్టుకుంటాడు.

సీమ మీద చిన్న పుటల రాత నాలుగేళ్ళ క్రితం, సొరంగం తవ్వి రెండు గుహలూ కలిపిన కొత్తలో, మావాళ్ళు చేశారు. పెద్ద పుటల రాత నిరుడు కొమురయ్య చేశాడు. పడమటి గుహ మనిషి, ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, చేతిలో పని ఉందని అందరూ అంటారు. అతనికి తప్పుల జాబితా పంపాను. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. రెండే రెండు మాటలు: "పరీక్ష తలకిందులుగా ఉంది. సరిచేసుకోగలరు."

సరిచేసుకోగలరు! నేను! ఈ పట్టిక నేను మొదటిసారి రాసినప్పుడు ఆ అబ్బాయి ఇంకా మరలకి నూనె పెడుతున్నాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. అన్నం ఉడకడానికి కూడా పనికి రాలేదు.

దినం 34,121

సొరంగం దాటి వెళ్ళాను. మొహం మీద అడగాలని.

పడమటి గుహవాళ్ళతో మాకు పడదు, దాచడమెందుకు. ఒకే భాష అంటారు గాని తొంభై ఏళ్ళు గోడకి అటూ ఇటూ బతికిన వాళ్ళం. మాకు ఇంటికో పొయ్యి ఉంది. వాళ్ళకి ఊరంతటికీ ఒకటే భోజనశాల, గంట కొడితే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడతారు. మా పొయ్యిల పొగ వల్లే పైకప్పుకి చెమ్మ పడుతోందని వాళ్ళు సంఘంలో మూడుసార్లు అర్జీ పెట్టారు.

కొమురయ్య లేచి కుర్చీ వేశాడు, మర్యాదకేం లోటు లేదు. గదిలో ఇంకో నలుగురు ఉన్నారు, అందరూ అతని గుహవాళ్ళే. నా పరీక్షలో ఆ ఒక్క వరస తెర మీద పెట్టి పైకి చదివాడు. పుటని తుడిచెయ్యి. తరవాత నిండుకుందా అని అడుగు. అవునని జవాబు రావాలి.

"తుడిచినంక నిండుకున్నదా అని అడుగుతున్నవు. అవునని రావాలంటున్నవు. గట్లెట్ల వస్తదక్కా?"

"తుడిస్తే నిండుకోక మరేటవుతాది?" అన్నాను.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత తేటతెల్లమైన సంగతి ఎదురుగా పెట్టుకుని నవ్వుతున్నారంటే, నవ్వుతున్నది నా పరీక్షని చూసి కాదు, నన్ను చూసి. కొమురయ్య మాత్రం నవ్వలేదు. ఒక పడకతో తాను పదిసార్లు నడిపి చూశానని, పదిసార్లూ బాగానే ఉందని ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపిక నవ్వుకంటే ఎక్కువ కాల్చింది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. నేనూ ఊరుకోలేదు. పని రానివాడికి ఓపికొక్కటే ఆస్తి అని అనేసి వచ్చాను.

దినం 34,123

సంఘం కూర్చుంది. దాని పెద్ద అంకూస్ సారు పడమటి గుహవాడు. నా తరఫున ఒక్కరు రావలసింది, తూర్పు సభ్యుడు గాలిమర బిగించడానికి పైకెళ్ళాడు. గది నిండా వాళ్ళే.

తీర్పు ముందే రాసిపెట్టుకున్నారని నా అనుమానం. రెండు యంత్రాలు నెగ్గి ఒకటి తప్పితే తప్పు యంత్రానిదో పరీక్షదో తేలదు కాబట్టి, రోజులు లేవు కాబట్టి, ఆ ఒక్క వరసని పరీక్షలోంచి తీసెయ్యమన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. నా సంతకం అక్కర్లేదని అంకూస్ సారు చెప్పాడు. మార్పిడి మూడు రోజుల్లో.

అప్పుడు నేను చేసిన పని రాస్తున్నాను. ఎవరూ అడక్కపోయినా రాస్తున్నాను. మార్పిడి జాబితాలో మొదటి పేరు మా నూకరత్నానిది. మొదటి పడకకి పుటని చేత్తో కేటాయిస్తారు, తరవాతివాళ్ళకి యంత్రమే పుట వెతుక్కుంటుంది. నూకరత్నం పేరు తీసి ఆఖర్న వెయ్యమన్నాను. పరీక్షకురాలికి ఆ హక్కు ఉంది, నిబంధన నంబరుతో సహా చెప్పాను. తప్పుంటే ముందువాళ్ళ దగ్గర బయటపడుతుంది, మా చెల్లెలి దాకా రాదు. మనసులో ఉన్నది అదే. ముందు ఎవరుంటారన్నది నేను ఆలోచించలేదు అంటే అబద్ధం. ఆలోచించాను, నాకెందుకు అనుకున్నాను.

అంకూస్ సారు ఖాళీ అయిన మొదటి వరస వైపు చూసి, ఎవరిని పెట్టాలని అడిగాడు. కొమురయ్య లేచాడు.

"మా అమ్మను పెట్టుండ్రి సార్. నా పని మీద నాకు నమ్మకమున్నది."

వాళ్ళమ్మ బాలవ్వ నిద్రలో ఉందని నాకప్పటిదాకా తెలియదు. డెబ్బై ఒక్కేళ్ళు, గుండె జబ్బు. అతను కూర్చుంటూ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. నీ నమ్మకం నీ ఇల్లు కూల్చేదాకా నీకు బుద్ధి రాదు అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను.

దినం 34,127

ఇది జరిగిన మర్నాడు రాస్తున్నాను. నిన్న చెయ్యి ఆడలేదు.

మార్పిడి పొద్దున్న ఎనిమిదింటికి మొదలు. సాక్షిగా నన్ను పిలిచి, గదిలోకి మాత్రం రానివ్వలేదు. నేనుంటే వాళ్ళ చేతులు వణుకుతాయట. మార్పిడి అయ్యేదాకా సొరంగం మూసేస్తారు కాబట్టి ఇంటికీ పోలేను. పొద్దున ఏమీ తినలేదు. వాళ్ళ భోజనశాలకి వెళ్ళాను, తిట్టుకుంటూనే.

వడ్డించే ఆవిడ లచ్చవ్వ రొట్టె వేసి, కారప్పొడి వేసి వెళ్ళిపోయింది. కారప్పొడిలోకి నూనె వంచుకుందామని బల్ల మీది డబ్బా ఎత్తాను. తేలిగ్గా ఉంది. ఆవిడని పిలిచి, నూనె నిండుకుంది అన్నాను.

మంచిదే గదా, పోసుకొమ్మంది.

వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను. నిండుకుందమ్మా, నిండుకుంది. ఆవిడకి విసుగొచ్చింది. వెనక వరసలో యాభై మంది పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. నిండుకుంటే తననెందుకు పిలుస్తున్నానని అడిగింది. నేను డబ్బా తలకిందులు చేసి చూపించాను. ఒక్క చుక్క రాలలేదు.

"ఒడిసింది అనాలె గదక్కా. ఒడిసినదాన్ని పట్టుకొని నిండుకున్నదంటవేంది?"

డబ్బా నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆవిడ ఇంకా ఏదో అంటోంది, నాకేమీ వినపడటం లేదు.

మా ఇళ్ళల్లో పొయ్యి దగ్గర లేదు అనకూడదు. బియ్యం అయిపోయాయి అనకూడదు. నిండుకున్నాయి అనాలి. లేదు అన్నవాళ్ళ ఇంట్లో నిజంగానే లేకుండా పోతుందని మా అమ్మ నోటి మీద కొట్టేది. పదకొండేళ్ళ క్రితం ఈ పట్టిక రాసే పని నాకిచ్చారు. ఎవరూ లేని పుటకి ఒక పేరు కావాలి. మనుషులు పడుకునే చోటు కదా, లేదు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నిండుకుందా అని పెట్టాను. నిండుకుంటే ఇంకొకరికి ఇవ్వు. మా గుహలో ఎవరికీ దీనికి అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంట్లో పొయ్యే లేని ఊరివాడు చదివితే ఏమనుకుంటాడు? నిండా ఉంది అనుకుంటాడు. అలాగే అనుకున్నాడు. అలాగే రాశాడు. ఎవరో ఉన్న పుటని చూపించి నిండుకుందా అంటే అతని సీమ అవునంటుంది, మా పట్టిక ఆ అవునుని పట్టుకుని అదే పుట ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఒక పడకతో పదిసార్లు కాదు, వెయ్యిసార్లు చూసినా బయటపడదు. రెండో మనిషి రావాలి.

పరిగెత్తాను. నలభై ఆరేళ్ళ ఒళ్ళు, ఆ మంచు నేల మీద రెండుసార్లు పడ్డాను. యంత్రాల గది తలుపు రెండు చేతులతో బాదాను. లోపల్నుంచి ఎవరో పొమ్మన్నారు. ఆపండి, నిండుకుందంటే ఖాళీ అని అర్థం, ఖాళీ, ఖాళీ అని అరిచాను. పిచ్చి పట్టిందనుకుని ఉంటారు. కొమురయ్య ఒక్కడే విన్నాడు. ఆ మాట అతని తలలో ఎంతసేపట్లో తిరిగిందో తెలియదు, యంత్రం ఆగిన చప్పుడు తలుపు అవతల నాకు వినపడింది.

అప్పటికి ఇద్దరు సీమ మీదకి దాటారు.

రెండోవాడు పాతికేళ్ళ కుర్రాడు, వస్తాదు లాంటివాడు. అతను బాగానే ఉన్నాడు. అతని వేడి, అతని ఊపిరి, అతని మందు మొదటి పుట మీద పడ్డాయి. ఆ పుట చెప్పినట్టే మొదటి పడక వేడెక్కింది. డెబ్బై ఒక్కేళ్ళ గుండెకి పాతికేళ్ళవాడి వేడి.

తలుపు తీసింది కొమురయ్యే. వెనక పడక దగ్గర ఇద్దరు డాక్టర్లు వంగి ఉన్నారు. అతను అటు తిరగడం లేదు. తలుపు పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. అతని భుజం మీదుగా తెర మీది గుండె గీత నాకు కనిపిస్తోంది. ఎంతసేపు చూసినా అది లేవలేదు. ఒక డాక్టరు చేతి తొడుగులు విప్పేశాడు.

"జెప్పక్కా. అమ్మ ఉన్నదా?"

ఎన్ని మాటలున్నాయి మాకు. దాటిపోయింది అంటాం, పెద్దల్లో కలిసింది అంటాం, కొండెక్కింది అంటాం. ఏది ఎత్తుకుంటే అతనికి ఏమని వినపడుతుందో నాకు తెలియదు. ఆ తలుపు దగ్గర నాకు ఏ మాట మీదా నమ్మకం లేకుండా పోయింది.

"లేదు" అన్నాను.

ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యే మాట అదొక్కటే దొరికింది. అతను తలుపు వదిలేసి నేల మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఆ పేరు పెట్టింది నేనేనని చెప్పాను, ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

దినం 34,128

బాలవ్వని పై సొరంగంలో మంచులో పెట్టారు. నేను వెళ్ళాను. పడమటివాళ్ళు నన్ను చూసి పక్కకి జరిగారు. ఒక ముసలాయన నా కాళ్ళ ముందు ఉమ్మాడు. అతను మంచిపనే చేశాడు. ఎవరైనా ఏదో ఒకటి చెయ్యాలి కదా.

అంకూస్ సారు సంఘం నివేదికలో కారణం అని రాసే చోట భాషా భేదం అని రాయించాడు. గాలి మారింది అన్నంత తేలిగ్గా. దాని కింద నా చేత్తో రాశాను: పేరు పెట్టింది సన్యాసమ్మ. తప్పిందని పరీక్ష నాలుగు వేలసార్లు చెప్పింది. ఎందుకు తప్పిందో అడగడానికి బదులు సన్యాసమ్మ తగువు పెట్టుకుంది. ఆ పరీక్షని సంఘం తీసేసింది. ఈసారి సంతకం పెట్టాను, ఎవరూ అడగలేదు.

దినం 34,130

పేరు మార్చాను. "ఎవరూ లేరా" అని పెట్టాను. మొత్తం రాతలో ఆ మాట రెండు వందల పన్నెండు చోట్ల ఉంది. ఒక్కోటి తియ్యడం, లచ్చవ్వని పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం. ఆవిడకి యంత్రాల గురించి ఏమీ తెలియదు, అదే కావాలి. ఇంకో మూడు మాటల దగ్గర ఆవిడ ఆగింది. ఆ మూడూ మార్చాను. కొమురయ్య సీమ మీది పెద్ద పుటల రాత సరిచేసి పంపించాడు. కాగితం మీద ఒక్క మాట కూడా లేదు.

నాటు నెగ్గింది. ఫారం నెగ్గింది. సీమ నాలుగు వేలసార్లూ నెగ్గింది.

మధ్యాహ్నం అతనే సొరంగం దాటి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే ముట్టలేదు. ఫలితాల తెర మొత్తం మొదటినుంచి చివరిదాకా నిలబడే చదివాడు, గంటసేపు పట్టింది. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండు అనిపించింది, తిట్టడానికి తిట్టు నాకూ వచ్చు, అక్కడికి లెక్క సరిపోయినట్టుండేది. ఆ సుఖం నాకివ్వలేదు.

నాటు యంత్రంలో ఈ ఉదయం ఇంకో పలక పోయింది. మిగిలింది అరవై ఒక్కమంది, ఎనిమిది రోజులు. మొదటి పడకకి పుటని మళ్ళీ చేత్తోనే కేటాయించాలి. అతను జేబులోంచి మార్పిడి జాబితా తీశాడు. పైన మొదటి వరస ఖాళీగా ఉంది.

"ముందల ఎవరిని పెట్టాలె?" అని అడిగాడు. నా వైపు చూడలేదు, కాగితం వైపే చూస్తున్నాడు.

పరీక్ష నెగ్గింది, నాకు తెలుసు. నాలుగు వేలసార్లు నెగ్గింది. ఆ వరసలోకి అరవై ఒక్క పేర్లలో ఏది చెప్పినా అతను రాసుకుంటాడు, ఎందుకని అడగడు. సంఘం అడగదు. చెల్లెల్ని ఆఖర్న ఉంచే హక్కు నిబంధన ప్రకారం ఇంకా నా చేతిలోనే ఉంది.

"నూకరత్నం" అన్నాను.

పెన్సిలు ఆగింది. పేరు మళ్ళీ చెప్పమన్నాడు, ఒక్కో అక్షరం పలకమన్నాడు. పలికాను. రాసుకుని, రాసింది నాకు చూపించి, సరిగ్గా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మొదలు, నన్ను గది లోపలే కూర్చోమన్నాడు.